థైరాయిడ్‌కి ఆక్యుపంక్చర్ చేయించుకోవాలనుకుంటే: మాత్ర మానకుండా ఎలా చేయాలి

థైరాయిడ్ ఉందని తెలిసిన దగ్గర్నుంచీ తలా ఒక సలహా చెప్తారు. "సూదులు పెట్టించుకో, రెండు నెలల్లో మాత్ర మానేయొచ్చు" అని ఒకరు, "అదంతా ఉత్తిదే, డబ్బు దండగ" అని ఇంకొకరు. ఇద్దరినీ కాసేపు పక్కన పెట్టండి. సూదులు పెట్టించుకోవాలని మీకు ఉంటే పెట్టించుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కాకపోతే దానికో పద్ధతి ఉండాలి. లేకపోతే చివరికి అది పనిచేసిందో లేదో మీకే తెలీదు, ఈలోపు డోసు అటూఇటూ అయి ఉన్న ఆరోగ్యం కూడా చెడుతుంది.

ముందు ఆధారాల సంగతి చెప్పేస్తాను. మందగించిన థైరాయిడ్ గ్రంథిని ఆక్యుపంక్చర్ మళ్ళీ మామూలుగా పనిచేయిస్తుందని చెప్పడానికి గట్టి రుజువు లేదు. జరిగిన పరిశోధనలు ఎక్కువగా చిన్నవి, చాలావాటిలో మందు వాడుతూనే సూదులు కూడా పెట్టారు కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. నొప్పుల విషయం వేరు, అక్కడ ఆధారాలు ఇంతకంటే మెరుగు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో దీర్ఘకాలిక నొప్పికి ఆక్యుపంక్చర్‌ని ఒక మార్గంగా చేర్చింది కూడా. అందుకని నేను చెప్పేది ఒకటే: గ్రంథి ఎలా ఉందో రక్తపరీక్షని చెప్పనివ్వండి, సూదులని మాత్రం మీ ఒంటికి హాయిగా ఉందా లేదా అన్నంతవరకే అడగండి. ఈ రెండూ కలిపేసిన చోటే గొడవ మొదలవుతుంది.

మొదటి పని: మీకున్నది ఏ థైరాయిడో తెలుసుకోండి

"నాకు థైరాయిడ్ ఉంది" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది, మెడ ముందు భాగంలో. మీ గ్రంథి తక్కువ పనిచేస్తోందా, ఎక్కువ పనిచేస్తోందా, అందులో గడ్డలున్నాయా, లేక ఆపరేషన్ చేసి తీసేశారా, ఇవన్నీ వేరువేరు కథలు. పాత రిపోర్టులన్నీ తీసి ఒకచోట పెట్టుకోండి. వాటిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్), ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్), యాంటీబాడీల పరీక్ష (యాంటీ టీపీఓ అని ఉంటుంది), స్కాన్ తీసి ఉంటే ఆ రిపోర్టు, ఇవి కావాలి. టీఎస్‌హెచ్ పెద్దవాళ్ళలో సుమారుగా 0.4 నుంచి 4.0 మధ్య ఉంటే మామూలే అంటారు, ల్యాబుని బట్టి కొంచెం మారుతుంది, గర్భంతో ఉన్నవాళ్ళకీ వయసు పైబడినవాళ్ళకీ లెక్క వేరు.

టీఎస్‌హెచ్ పెరిగి టీ4 తగ్గితే అది హైపో, అంటే గ్రంథి తక్కువ పనిచేయడం. దీనికి మామూలు కారణం హషిమోటో, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథిని కొద్దికొద్దిగా దెబ్బతీయడం. ఇలా దెబ్బతిన్న గ్రంథి చాలామందిలో మళ్ళీ పూర్తిగా కోలుకోదు, అందుకే లోపించిన హార్మోన్‌ని మాత్రగా ఇస్తారు. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లీషు డాక్టరు ఇలాగే జబ్బు బాగా ముదిరిన ఒకావిడకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఎక్కించాడు, ఆవిడ ఆ తర్వాత ఇంకో 28 ఏళ్ళు బతికింది. ఈ రోజు మీరు పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర కూడా అదే ఆలోచన, కాకపోతే కొలత పక్కాగా ఉంటుంది. ఆపరేషన్‌లో గ్రంథి మొత్తం తీసేసినవాళ్ళ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, లేని గ్రంథిని ఏ సూదీ పనిచేయించలేదు.

టీఎస్‌హెచ్ బాగా తగ్గి టీ4, టీ3 (ఇదీ థైరాయిడ్ హార్మోనే) పెరిగితే హైపర్, అంటే గ్రంథి ఎక్కువ పనిచేయడం. గ్రేవ్స్ జబ్బు, అంటే రోగనిరోధక శక్తే గ్రంథిని రెచ్చగొట్టడం, దీనికి ముఖ్యమైన కారణం. గుండెదడ, చేతులు వణకడం, తిన్నా బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకు రావడం ఉంటాయి. ఇది ఆలస్యం చేసే జబ్బు కాదు. కార్బిమజోల్, మెథిమజోల్ లాంటి మందుతో హార్మోన్ అదుపులోకి వచ్చేదాకా సూదుల ఆలోచన పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం, నిమిషానికి నూటపది సార్లు కొట్టుకుంటున్న గుండెతో బల్ల మీద పడుకుని సూదులు గుచ్చించుకోవడంలో ప్రశాంతత ఏముంటుంది?

గడ్డలుంటే వాటికి స్కాన్, అవసరమైతే ఎఫ్ఎన్ఏసీ చేయించాలి. అందులోనూ సన్నటి సూదే వాడతారు గానీ అది లోపలి కణాలు తీసి పరీక్షించడానికి, ఆక్యుపంక్చర్‌కీ దానికీ ఏ సంబంధం లేదు.

ఇంకొక రకం ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సూదుల అద్భుతాలు అని మనం వినే కథలు చాలావరకు ఇక్కడే పుడతాయి. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్ చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో దానంతటదే సర్దుకుంటుంది. జలుబు, జ్వరం తర్వాత మెడ నొప్పితో వచ్చే రకం కూడా ఎక్కువమందిలో అంతే. టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి టీ4 మామూలుగా ఉన్నప్పుడు డాక్టర్లు వెంటనే మాత్ర రాయకుండా రెండు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయమంటారు, అప్పటికి చాలామందికి తగ్గే ఉంటుంది. ఈ మధ్యలో మీరు సూదులు పెట్టించుకున్నా, ఏమీ చేయకపోయినా రిపోర్టు బాగానే వచ్చేది. పేరు మాత్రం సూదులకి వెళ్తుంది.

రెండో పని: సూదుల నుంచి ఏం కావాలో ముందే రాసిపెట్టుకోండి

ఇది బద్ధకంగా అనిపిస్తుంది కానీ మొత్తంలో ఇదే ముఖ్యం. మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే రెండు మూడు విషయాలు ఎంచుకోండి, అంతకు మించి వద్దు. నిద్ర, నీరసం, మెడా భుజాల బిగుతు, తలనొప్పి, టెన్షన్, మలబద్ధకం, ఇలాంటివి. ప్రతిదానికీ రోజూ రాత్రి సున్నా నుంచి పదిలో ఒక అంకె వేయండి. సూదులు మొదలుపెట్టడానికి ముందు కనీసం రెండు వారాలు ఇలా రాయాలి. మనం డాక్టరు దగ్గరికైనా సూదుల దగ్గరికైనా పరిగెత్తేది బాగా లేని రోజుల్లోనే, ఆ తర్వాత ఎలాగూ కొంచెం బాగుంటుంది, ముందు రెండు వారాల లెక్క లేకపోతే ఆ తేడా అంతా వైద్యం ఖాతాలో పడిపోతుంది.

బరువు తగ్గడం, టీఎస్‌హెచ్ తగ్గడం, గడ్డ కరగడం ఈ జాబితాలో రాయకండి.

మాత్ర సరిగ్గా వేసుకుంటూ, టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నా నీరసం వదలనివాళ్ళు కొంతమంది ఉంటారు. సూదులు ప్రయత్నించడానికి ఎవరికైనా కాస్త అర్థం ఉందంటే వీళ్ళకే. కానీ దానికంటే ముందు రక్తహీనత, ఐరన్ నిల్వలు, బీ12, డీ విటమిన్, రాత్రి గురక పెట్టి ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, డిప్రెషన్ ఇవి ఉన్నాయేమో చూపించుకోండి. వీటికి నేరుగా మందు ఉంది.

మూడో పని: మిగతావన్నీ కదలకుండా ఉంచండి

మొదలుపెట్టే ముందు ఒకసారి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి. ఉదయం పూట, మాత్ర వేసుకోకముందు. తర్వాత చేయించే పరీక్ష కూడా అదే ల్యాబులో, అదే సమయానికి చేయించండి, ఎందుకంటే టీఎస్‌హెచ్ రాత్రీ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయించి "చూశారా తగ్గింది" అనుకోవడం మామూలే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, బయోటిన్ వల్ల కొన్ని ల్యాబు యంత్రాలు తప్పు అంకెలు చూపిస్తాయి, లేని హైపర్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక మాత్ర. రోజూ ఒకే సమయానికి, పరగడుపున, మంచినీళ్ళతో, తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ఏమీ లేకుండా. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇన్నాళ్ళూ కాఫీతో వేసుకుంటూ, సూదులు మొదలుపెట్టిన రోజు నుంచి "ఆరోగ్యం మీద శ్రద్ధ పెడదాం" అని నీళ్ళతో వేసుకోవడం మొదలుపెడితే టీఎస్‌హెచ్ దిగుతుంది, అది సూదుల వల్ల కాదు. అందుకని మాత్ర అలవాటు ముందు సరిచేసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలాగి పరీక్ష చేయించి, అప్పుడు సూదులు మొదలుపెడితే లెక్క శుభ్రంగా ఉంటుంది. అదే నెలలో కొత్త డైటు, కొత్త సప్లిమెంటు, కొత్త జిమ్ కూడా మొదలుపెట్టకండి.

మాత్ర మానేసి చూద్దాం అనే ఆలోచన ఎందుకు ప్రమాదమో కొంచెం వివరంగా చెప్తాను. ఒంట్లో టీ4 సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అంటే ఈ రోజు మాత్ర ఆపేస్తే రేపు ఏమీ కాదు, వచ్చే వారం కూడా పెద్దగా ఏమీ తెలీదు. అదే రోజుల్లో సూదులు మొదలుపెడితే "మాత్ర లేకుండా కూడా బాగానే ఉన్నాను" అనిపించి తీరుతుంది. నిజానికి అది పాత మాత్రల నిల్వ. ఆ తర్వాత నెలా రెండు నెలల్లో మెల్లగా నీరసం, చలి, ముఖం ఉబ్బడం, మతిమరుపు వస్తాయి, అంత నెమ్మదిగా వస్తాయి కాబట్టి దేనివల్లో కూడా తట్టదు.

నాలుగో పని: ఎవరి దగ్గరికి వెళ్ళాలి

మీరున్న చోట ఆక్యుపంక్చర్ చేయడానికి లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ ఏది అవసరమో అది వాళ్ళకి ఉందా అని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ళ దగ్గర చేయించుకోవద్దు. సూదులు ఒకసారి వాడి పారేసేవి అయి ఉండాలి, సీల్ ఉన్న ప్యాకెట్ మీ ముందే చించాలి, వాడినవి గట్టి డబ్బాలో వేయాలి. సరిగ్గా శుభ్రం చేయని సూదులు మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బీ సోకిన సందర్భాలున్నాయి, ఇందులో మొహమాటం పనికిరాదు.

మొదటిరోజు వాళ్ళు మిమ్మల్ని ఏం అడుగుతారో గమనించండి. ఏ మందులు వాడుతున్నారు, రక్తం పలచబడే మందులున్నాయా, పేస్‌మేకర్ ఉందా, గర్భంతో ఉన్నారా, రిపోర్టులు ఎక్కడ, ఇవి అడిగితే మంచి గుర్తు. నాడి చూసి, నాలుక చూసి "మీకు కిడ్నీ బలహీనంగా ఉంది" అంటే కంగారుపడొద్దు, చైనా వైద్యంలో హైపో లక్షణాలని ఆ పేరుతోనే పిలుస్తుంటారు, అది మూత్రపిండాల జబ్బు కాదు.

లేచి వచ్చేయాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. "మాత్ర ఈ రోజే ఆపేయండి", "ఇన్ని సిట్టింగుల్లో పూర్తిగా నయం, గ్యారంటీ", "మొత్తం ప్యాకేజీ ముందే కట్టాలి", "రక్తపరీక్షలు అక్కర్లేదు, నాడి చాలు". వీటిలో ఒక్కటి వినిపించినా చాలు.

సూదులతో పాటు పొడులో, గోళీలో ఇస్తే తీసుకోవద్దు, కనీసం అందులో ఏముందో రాసిమ్మనండి. పాతకాలపు చైనా వైద్యులు మెడలో థైరాయిడ్ గ్రంథి వాపుకి సముద్రపు నాచు ఇచ్చేవారు, అది చాలామందికి పనిచేసేది కూడా, ఎందుకంటే నాచులో అయోడిన్ ఉంటుంది, వాళ్ళకున్నది అయోడిన్ కొరత. (అయోడిన్‌ని కనిపెట్టింది కూడా ఆ నాచు బూడిదలోనే, 1811లో.) ఇప్పుడు మీకున్నది హషిమోటో అయితేనో గ్రేవ్స్ అయితేనో అదే నాచు పొడి ఎక్కువైతే జబ్బుని ఇంకా పెంచగలదు. అశ్వగంధ కూడా థైరాయిడ్ హార్మోన్ని పెంచిన సందర్భాలున్నాయి, మాత్రతో కలిస్తే డోసు మించిపోవచ్చు.

ఐదో పని: సూదులు పెట్టే రోజు

ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. మాత్ర వేసుకుని, గంటాగి ఏదైనా తిని, ఆ తర్వాత వెళ్ళేలా సమయం పెట్టుకోండి. మోచేతులు, మోకాళ్ళ పైకి మడవగలిగే వదులు బట్టలు వేసుకోండి. మొదటిసారైతే పడుకునే చేయించుకోండి, కూర్చుని వద్దు.

సూదులు జుట్టు పోగు కంటే కాస్త లావు ఉంటాయి, అంతే. గుచ్చేటప్పుడు చిన్న చురుకు, తర్వాత లోపల బరువుగా, మొద్దుగా, లాగినట్టుగా అనిపించవచ్చు. కరెంటు కొట్టినట్టు కాలి కిందికో చేతి కిందికో జివ్వుమంటే వెంటనే చెప్పండి, అది నరానికి తగిలినట్టు. ఇరవై నిమిషాల నుంచి అరగంట అలా ఉంచి తీసేస్తారు. థైరాయిడ్ వాళ్ళకి ఎక్కువగా మోకాలి కింద బయటివైపు, చీలమండ పైన లోపలివైపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, బొడ్డు కింద, నడుము దగ్గర పెడుతుంటారు. "గ్రంథి మెడలో ఉంటే కాలికి గుచ్చుతారేంటి" అని అందరికీ వచ్చే అనుమానమే, వాళ్ళ శాస్త్రంలో నాడీమార్గాల లెక్క అది. నా మటుకు నేను సంతోషిస్తాను, కాళ్ళలో గుచ్చితే పోయేదేం లేదు.

మెడ ముందు భాగంలో గుచ్చుతామంటే మాత్రం వద్దని చెప్పండి. గొంతు ముడికి పక్కన ఒక పాయింటు ఉంది, సరిగ్గా మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని పక్కనే. గ్రంథి వాచి ఉన్నా, గడ్డలున్నా అక్కడ గుచ్చి సాధించేది ఏమీ కనబడదు, రిస్క్ మాత్రం కనబడుతోంది. అలాగే భుజం మీద, ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చడం వల్ల ఊపిరితిత్తికి తగలడం అరుదుగానైనా జరుగుతుంది. ఇంటికొచ్చాక గంటల తర్వాతైనా సరే ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే ఎమర్జెన్సీకి వెళ్ళండి, సూదులు పెట్టించుకున్న సంగతి అక్కడ చెప్పండి.

గర్భంతో ఉంటే బొటనవేలి పక్క పాయింటు, చీలమండ పైది వదిలేయడం వాళ్ళ పద్ధతిలోనే ఉన్న ఆచారం. అంతకంటే పెద్ద విషయం, గర్భం వచ్చిందని తెలియగానే హైపో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి మాత్ర డోసు పెంచాల్సి వస్తుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకి ఆ హార్మోన్ కావాలి, కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి, సూదుల సంగతి తర్వాత. పేస్‌మేకర్ ఉంటే సూదులకి కరెంటు తగిలించే రకం వద్దు. హైపర్ ఉన్నవాళ్ళూ ఆ రకం జోలికి వెళ్ళకపోవడమే మేలు.

సూదులు తీశాక కాసేపు మగతగా ఉంటుంది. వెంటనే బండి నడపకండి. చిన్న కమిలిన మచ్చ, చుక్క రక్తం మామూలే.

ఇంట్లో మీరే సూదులు గుచ్చుకోవడం గురించి అడిగేవాళ్ళుంటారు: వద్దు. వేలితో నొక్కడం చేసుకోవచ్చు, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు కొలిచి, ఎముకకి కొంచెం బయటగా ఒక నిమిషం రెండు నిమిషాలు. మెడ మీద, వాచిన గ్రంథి మీద మాత్రం నొక్కడం, మసాజ్ చేయడం వద్దు.

ఆరో పని: ఎనిమిది వారాలు, తర్వాత లెక్క చూడండి

వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు చాలు. ఆ అంకె ఊరికే చెప్పలేదు, టీఎస్‌హెచ్ ఏ మార్పుకైనా స్థిరపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు తీసుకుంటుంది, అంతకు ముందు పరీక్ష చేయించినా ఆ అంకె నమ్మడానికి లేదు. రోజువారీ అంకెలు వేయడం ఆపకండి. ఎనిమిది వారాలయ్యాక సూదులకి ముందు రాసిన రెండు వారాల సగటు, చివరి రెండు వారాల సగటు పక్కపక్కన పెట్టి చూడండి.

నిద్ర, నొప్పి, టెన్షన్ తగ్గి టీఎస్‌హెచ్ అలాగే ఉంటే మంచిదే, మీకు నచ్చితే, ఖర్చు భరించగలిగితే కొనసాగించండి. అందులో సూది పాత్ర ఎంత, అరగంట ఫోను లేకుండా కళ్ళు మూసుకుని పడుకున్న దాని పాత్ర ఎంత అంటే విడదీయలేం, మీకు హాయిగా ఉంటే ఆ తగువు మీకెందుకు?

ఏమీ మారకపోతే ఆపేయండి. "ఇంకో పది సిట్టింగులు చేస్తే పట్టు దొరుకుతుంది" అనే మాట అప్పుడే వినిపిస్తుంది, అందుకే ఎనిమిది అని ముందే రాసిపెట్టుకోండి.

టీఎస్‌హెచ్ మారిందనుకోండి. సూదులకి దండం పెట్టే ముందు వరసగా చూడండి: మాత్ర కంపెనీ మారిందా, వేసుకునే సమయం మారిందా, బరువు బాగా మారిందా, కాల్షియం ఐరన్ మొదలుపెట్టారా లేక ఆపారా, బయోటిన్ ఉందా, పరీక్ష సమయం మారిందా. వీటిలో ఏదీ లేకపోతే ఆరు వారాలాగి మళ్ళీ ఒకసారి చేయించండి. టీఎస్‌హెచ్ మరీ కిందికి పోతే అది సంబరం కాదు, మాత్ర ఎక్కువైందని అర్థం. అలా వదిలేస్తే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు పలచబడవచ్చు. డోసు తగ్గించాల్సింది డాక్టరు, అది కూడా కొంచెం కొంచెంగా, పరీక్ష చేస్తూ.

సూదులు పెట్టించుకుంటున్న సంగతి డాక్టరుకి దాచకండి. తిడతారేమో అని చాలామంది చెప్పరు. "మాత్ర మానలేదు, నిద్ర కోసం చేయించుకుంటున్నాను, రెండు నెలలకి టీఎస్‌హెచ్ చూపిస్తాను" అంటే సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

కొన్నిటికి మాత్రం ఎనిమిది వారాలు కాదు, ఎనిమిది గంటలు కూడా ఆగొద్దు. కార్బిమజోల్ లాంటి మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి వస్తే మందు ఆపి అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలి. హైపర్ ఉండి ఒళ్ళు కాలిపోయే జ్వరం, విపరీతమైన గుండెదడ, మాట తడబాటు వచ్చినా, కంటిచూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా ఆస్పత్రికే. మెడలో గడ్డ గబగబా పెరగడం, గొంతు బొంగురు పోయి తగ్గకపోవడం, మింగడానికో ఊపిరికో అడ్డం రావడం కూడా అంతే.

ఇప్పటికే ఎవరి మాటో విని మాత్ర మానేసి ఉంటే ఎన్ని రోజులైందో లెక్కపెట్టి ఈ రోజే డాక్టరుకి చెప్పండి. వారం పది రోజులే అయితే మామూలుగా పాత డోసే మళ్ళీ మొదలుపెట్టమంటారు. నెలలు గడిచిపోయి ఉంటే, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవాళ్ళూ వయసు పైబడినవాళ్ళూ అయితే, సొంతంగా పాత డోసు ఒక్కసారిగా వేసుకోకండి, తక్కువతో మొదలుపెట్టాల్సి రావచ్చు. మనిషి విపరీతమైన మత్తులో ఉండి, ఒళ్ళు చల్లబడి, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోతుంటే మాత్రం ఫోను చేసి సలహా అడిగే పరిస్థితి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, మాత్ర ఎప్పటినుంచి ఆపారో వాళ్ళకి మొట్టమొదట చెప్పండి.